రోజూ రెండు గంటలు బయట ఆడిస్తే పిల్లల సైట్ ఆగుతుందా?

అమ్మా, మీరు అడిగింది ఇదీ. బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. నిరుడు రెండు కళ్లకీ మైనస్ 0.75 ఉన్న పవర్ ఇప్పుడు మైనస్ 1.50 అయింది. కళ్ల డాక్టరు గారు అద్దాలు మార్చి, రోజూ రెండు గంటలు బయట ఆడించండి అన్నారు. మీది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, స్కూలుకి గ్రౌండ్ లేదు, సాయంత్రం ట్యూషన్. బయట ఆడటానికీ కళ్లకీ అసలు సంబంధం ఉందా, షటిల్ అకాడమీలో చేర్పిస్తే సరిపోదా అని మీ సందేహం. చివర్లో ఇంకో వాక్యం రాశారు: పాపకి అయిదేళ్లు, దానికి ఇంకా ఏమీ రాలేదు, మా ఇద్దరికీ కళ్లజోళ్లు ఉన్నాయి అని. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఆ వాక్యమే. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను.

నేను ఆప్టోమెట్రిస్టుని. పిల్లల కళ్లకి పవర్ చూడటమే ఏళ్ల తరబడి నా పని. మీ మొదటి ప్రశ్నకి జవాబు, సంబంధం ఉంది. గట్టిగానే ఉంది. పిల్లల కళ్ల విషయంలో మందూ మాకూ లేకుండా ఇంత బాగా రుజువైన జాగ్రత్త ఇంకోటి లేదు. కానీ అది ఎలా పనిచేస్తుందో తెలియకపోతే తల్లిదండ్రులు కష్టపడి చేసేది వృథా అవుతుంది. మీరు షటిల్ అకాడమీ అన్నారు కదా, అలాంటి చోటే.

ముందు ఈ మైనస్ పవర్, అంటే మనం సైట్ అనేది, ఏమిటో చూడండి. చాలామంది ఇది కంటి నీరసం అనుకుంటారు. నిజానికి కన్ను ఉండాల్సిన దానికంటే పొడుగు పెరగడం వల్ల వచ్చేది. పుట్టినప్పుడు బిడ్డ కన్ను ముందు నుంచి వెనక్కి దాదాపు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి 23, 24 మిల్లీమీటర్లకి వస్తుంది. పసిపిల్లల్లో ఎక్కువమందికి కన్ను ఇంకా పొట్టిగా ఉండటం వల్ల కొంచెం ప్లస్ పవర్ ఉంటుంది, కన్ను పెరిగేకొద్దీ అది సున్నా వైపు వస్తుంది. అక్కడ ఆగాల్సిన పెరుగుదల ఆగకుండా సాగితే బొమ్మ కంటి వెనక పొర అయిన రెటీనా మీద పడకుండా దానికి ముందే పడుతుంది. అప్పుడు బోర్డు మీద అక్షరాలు మసకగా కనిపిస్తాయి. ఒక్క మిల్లీమీటరు అదనంగా పెరిగితే దాదాపు రెండున్నర నుంచి మూడు దాకా మైనస్ పవర్ వచ్చేస్తుంది. పెరిగిన పొడుగు మళ్లీ వెనక్కి రాదు. ఏ ఆకుకూరా, ఏ కంటి వ్యాయామమూ దాన్ని తగ్గించలేదు.

అద్దాలు పెట్టుకుంటే కనిపిస్తోంది కదా, ఇక భయమెందుకు అని అడుగుతారు. మైనస్ రెండో మూడో దగ్గర ఆగితే పెద్దగా భయం లేదు. మైనస్ ఆరు దాటితే వేరే సంగతి. సాగిన కన్ను వెనక రెటీనా పలచబడుతుంది. అది ఊడిపోయే ప్రమాదం, నడివయసులో మధ్య చూపు దెబ్బతినే ప్రమాదం, కంటి నరం దెబ్బతినే గ్లకోమా, తొందరగా శుక్లాలు, ఇవన్నీ మామూలు వాళ్లకంటే ఎక్కువ. ఆరేడేళ్లకే సైట్ మొదలైన పిల్లలకి కన్ను పెరగడానికి ఇంకా బోలెడు కాలం ఉంటుంది కాబట్టి వాళ్లు ఆ ఆరుకి చేరే అవకాశం ఎక్కువ. పదమూడేళ్లకి మొదలైతే అంత దూరం వెళ్లకుండానే ఆగొచ్చు. అందుకే సైట్ రావడాన్ని ఒకటి రెండేళ్లు వెనక్కి నెట్టగలిగినా అది చాలా పెద్ద లాభం.

ఇక బయటి వెలుగు దగ్గరికి వద్దాం. కంట్లోకి కాంతి బాగా పడినప్పుడు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలవుతుంది. ఇక పొడుగు పెరిగింది చాలు అని కంటి గోడకి చెప్పే సంకేతాల్లో ఇది ముఖ్యమైనది. దీన్ని కోడిపిల్లల మీద చూశారు. కంటి మీద మసక తెర తొడిగి పెంచితే ఆ కన్ను పొడుగు పెరిగి మైనస్ వస్తుంది. రోజులో కొంతసేపు బాగా కాంతివంతమైన వెలుగులో ఉంచితే ఆ పెరుగుదల మందగించింది. డోపమైన్‌ని అడ్డుకునే మందు ఇచ్చి అదే వెలుగులో పెట్టి చూస్తే ఆ మేలు కనిపించలేదు. పనిచేసేది వెలుగేనని, దానికి దారి డోపమైన్ అని ఇలాంటి ప్రయోగాల వల్లే తెలిసింది.

మరి ఇంట్లో లైట్లు ఉన్నాయి కదా? ఇక్కడే మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి. కంటిపాప చీకట్లో పెద్దదై, వెలుగులో చిన్నదై సర్దుకుంటుంది కాబట్టి లోపలా బయటా తేడా కొంచెమే అనిపిస్తుంది. లైట్‌మీటర్ పట్టుకుని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. వెలుగుని లక్స్‌లో కొలుస్తారు. ట్యూబ్‌లైట్ కింద హోంవర్క్ చేసుకునే బల్ల మీద నూట యాభై, రెండు వందలు ఉంటుంది. స్కూళ్లలో కళ్ల క్యాంపులకి వెళ్లినప్పుడు నేను మీటర్ తీసుకెళ్తాను. కిటికీ పక్క బెంచీ మీద నాలుగైదు వందలు చూపించే మీటర్, గోడవైపు చివరి బెంచీకి వెళ్లేసరికి వంద దగ్గర ఆగుతుంది. అదే మీటర్ ఆవరణలో వేపచెట్టు నీడన పెడితే అంకె వేలల్లోకి వెళ్తుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట అయిదు వేలు, పది వేలు మామూలే. నిండు ఎండలో లక్ష దాకా ఉంటుంది. అంటే నీడలో ఆడుకునే పిల్ల కంట్లోకి పడే వెలుగుకీ, తరగతి గదిలో పిల్లవాడి కంట్లోకి పడే వెలుగుకీ పదుల రెట్లు తేడా.

షటిల్ అకాడమీ గురించి నా అభిప్రాయం కూడా దీన్నిబట్టే. ఇండోర్ కోర్టులో ఆడితే ఒంటికి మంచిదే, మాన్పించకండి. కానీ కంటి లెక్కలో ఆ గంట వెయ్యొద్దు. సిడ్నీలో పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో ఈ సంగతి బయటపడింది. లోపల ఆడే ఆటలవల్ల సైట్ తగ్గలేదు. బయట ఉంటే, ఆడినా ఊరికే ఉన్నా లాభం కనిపించింది. ఆ జట్టే 2008లో ఇంకో పోలిక ప్రచురించింది. చైనా మూలాలున్న ఆరేడేళ్ల పిల్లలు, కొందరు సింగపూర్‌లో, కొందరు సిడ్నీలో. తల్లిదండ్రుల సైట్ రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా ఉంది. సింగపూర్ పిల్లల్లో 29 శాతానికి మైనస్ వచ్చింది, సిడ్నీ పిల్లల్లో 3 శాతం చిల్లరకే. తమాషా ఏమిటంటే పుస్తకాలు ఎక్కువ చదివింది సిడ్నీ పిల్లలే. వారంలో వాళ్లు బయట గడిపింది 13 గంటలకి పైన, సింగపూర్ పిల్లలు గడిపింది మూడు గంటలు. చదువు తగ్గించాలా అని భయపడే తల్లులకి నేను ఈ అంకెలే చెబుతాను. చదవనివ్వండి, బయటికీ పంపండి.

పోలికలు చూపిస్తే సరిపోదు, చేసి చూపించాలి అనేవాళ్లకి చైనాలోని గ్వాంగ్‌జౌ ప్రయోగం ఉంది. 12 స్కూళ్లు తీసుకుని, సగం స్కూళ్లలో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాల ఆరుబయట క్లాసు ఒకటి అదనంగా పెట్టారు. మిగతా స్కూళ్లు ఎప్పటిలాగే నడిచాయి. మూడేళ్ల తర్వాత చూస్తే, మామూలు స్కూళ్లలో కొత్తగా సైట్ వచ్చినవాళ్లు 39.5 శాతం, బయట క్లాసు ఉన్న స్కూళ్లలో 30.4 శాతం. 2015లో వచ్చిన ఫలితం ఇది. నలభై నిమిషాలతోనే వందమందిలో తొమ్మిదిమందికి ఆ మూడేళ్లలో కళ్లజోడు తప్పింది. తైవాన్ ఇంకో అడుగు ముందుకేసి 2010లో రోజూ 120 నిమిషాలు బయట అనే కార్యక్రమాన్ని బడులన్నిటిలో మొదలుపెట్టింది. అంతకుముందు పదేళ్లు చూపు తగ్గిన ప్రాథమిక పాఠశాల పిల్లల శాతం పెరుగుతూ పెరుగుతూ యాభైకి చేరింది. 2015కల్లా 46కి దిగింది. మీ డాక్టరు గారు చెప్పిన రెండు గంటలు గాలిలోంచి వచ్చింది కాదు.

దీనికి ఉల్టా ఏం జరుగుతుందో కరోనా చూపించింది. చైనాలోనే ఫెయ్‌చెంగ్ అనే ఊళ్లో ఏటా పిల్లల కళ్లు చూస్తారు. ఆరేళ్ల పిల్లల్లో అంతకుముందు అయిదేళ్లలో ఎప్పుడూ 5.7 శాతం దాటని సైట్, ఇళ్లలో బంధించిన 2020లో 21.5 శాతానికి ఎగబాకింది. నేను పనిచేసే చోట కూడా బడులు తెరిచాక వచ్చిన చిన్నపిల్లల రద్దీ ఇప్పటికీ గుర్తుంది.

మన దగ్గర సంగతి చెబుతాను. 2002లో ప్రచురించిన రెండు అధ్యయనాలున్నాయి, ఒకే పద్ధతిలో చేసినవి. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో మైనస్ ఉన్నది 4.1 శాతం. ఢిల్లీ నగరంలో 5 నుంచి 15 ఏళ్ల వాళ్లలో 7.4 శాతం. 2015లో ఢిల్లీ బడిపిల్లల మీద ఇంకో అధ్యయనం వస్తే అది 13 శాతం. మన పల్లె పిల్లల కళ్లకి ఏదో ప్రత్యేకమైన బలం ఉందని కాదు, వాళ్లు పగలంతా బయట ఉండేవాళ్లు. ఇప్పుడు పల్లెలో కూడా బడి బస్సు పొద్దున ఏడింటికి ఎక్కించి సాయంత్రం ఆరింటికి దింపుతోంది. చెట్లున్న ఊళ్లో ఉంటూ కూడా పిల్లలు వెలుగు చూడట్లేదు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

విటమిన్ డి మాట చాలామంది అడుగుతారు, మీరూ అడగకముందే చెబుతున్నాను. ఆ రెండూ వేరు. విటమిన్ డి తయారయ్యేది చర్మంలో, ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల. ఆ కిరణాలు సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే మన దాకా బాగా చేరతాయి. తిరుపతిలో చేసిన పరిశీలనల్లో 11 గంటల నుంచి 2 గంటల మధ్య ఎండే దానికి పనికొచ్చింది. పొద్దున లేత ఎండలో విటమిన్ డి వస్తుందని మన పెద్దవాళ్లు చెప్పేది అంత సరి కాదు. కంటికి కావాల్సింది మాత్రం ఆ కిరణాలు కాదు, మామూలు పగటి వెలుగు. అందుకని టాబ్లెట్లు వేస్తే కంటికి ఏమీ ఒరగదు. ఇందులో మనకి ఒక సదుపాయం కూడా ఉంది. మన మే నెల మధ్యాహ్నాల్లో పిల్లల్ని బయటికి తోలక్కర్లేదు. పొద్దున, సాయంత్రం చాలు. నీడ చాలు. టోపీ పెట్టినా పర్వాలేదు, అప్పుడూ లోపలికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగే కంట్లో పడుతుంది.

ఒక హెచ్చరిక. వెలుగు మంచిదన్నానని సూర్యుణ్ణి తేరిపార చూడమని అర్థం చేసుకోవద్దు. పొద్దున సూర్యుణ్ణి రెప్పవేయకుండా చూస్తే మైనస్ పవర్ పోయి కళ్లజోడు అక్కర్లేదని వీడియోలు తిరుగుతున్నాయి. అలా చూస్తే రెటీనా మధ్యభాగం కాలుతుంది. అది మళ్లీ పూర్తిగా మానకపోవచ్చు.

ఇప్పుడు మీ ఇల్లు, మీ రోజు. రెండు గంటలు ఒకేసారి దొరకవు, దొరకాల్సిన పనీ లేదు. ముక్కలు ముక్కలుగా కలుపుకోవచ్చు. నేనైతే ముందు సాయంత్రం చూస్తాను. బాబు ఇంటికొచ్చేది నాలుగున్నరకి అనుకుందాం. పాలు తాగి, బట్టలు మార్చుకుని, ట్యూషన్‌కి వెళ్లి, హోంవర్క్ అయ్యాక ఆరున్నరకి ఆటకి వదిలితే, డిసెంబరులో హైదరాబాద్‌లో అప్పటికే పొద్దు గూకి అరగంట దాటుతుంది. సెల్లార్‌లో లైట్ల కింద ఆడే ఆ గంట కంటికి పనికిరాదు. కాబట్టి వరస మార్చండి. బ్యాగు పడేయగానే కిందికి పంపండి, చదువు చీకటి పడ్డాక. ట్యూషన్ అయిదింటికి ఉంటే ఆరున్నరకి మార్చమని అడగండి. అడిగితే చాలామంది టీచర్లు ఒప్పుకుంటారు.

పొద్దున పూట స్కూలు బస్సు కోసం ఆగేది రోడ్డు మీదైతే అది పదిహేను నిమిషాలు. టిఫిన్ బాల్కనీలో పెట్టండి. తూర్పువైపో దక్షిణంవైపో తెరుచుకున్న బాల్కనీ అయితే, ఎదురుగా ఇంకో బిల్డింగ్ అడ్డం లేకపోతే, పొద్దున ఎనిమిదికి అక్కడ రెండు మూడు వేల లక్స్ దొరుకుతుంది. గ్రిల్లుకి గ్రీన్ నెట్ కట్టి ఉంటే కొంత తగ్గుతుంది, పిల్లలు కూర్చునే వైపు తీసేయొచ్చు. టెర్రస్ తాళం ఎప్పుడూ వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది, పిట్టగోడ ఎత్తుగా ఉండి పెద్దవాళ్లు తోడుంటే అదీ మంచి చోటే. స్కూల్లో గ్రౌండ్ లేదన్నారు. అయితే తల్లిదండ్రుల మీటింగ్‌లో ఒక్కటి అడగండి, లంచ్ బ్రేక్‌లో పిల్లల్ని క్లాసులో తాళం వేసినట్టు కూర్చోబెట్టకుండా ఆవరణలోకి వదలమని. ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి అడిగితే బరువుంటుంది. ఆదివారం మూడు నాలుగు గంటలు పార్కులోనో, ఊరికెళ్తే పొలం గట్టు మీదో గడిపితే వారం లెక్కలో కలుస్తుంది. ఢిల్లీ అధ్యయనంలో వారానికి 14 గంటలు దాటి బయట గడిపే పిల్లల్లో సైట్ తక్కువగా కనిపించింది. అందుకే నేను వారానికి లెక్క చూసుకోమంటాను. ఒకరోజు వాన పడి కుదరకపోతే టెన్షన్ పడక్కర్లేదు.

బయట ఏం చేయాలి అంటే ఏదైనా సరే. సైకిల్, గోలీలు, మొక్కలకి నీళ్లు పోయడం, తాతగారితో పాల ప్యాకెట్ తేవడానికి నడిచి వెళ్లడం. కథల పుస్తకం చదువుకున్నా చెట్టు కింద చదివితే గదిలో చదివినదానికంటే నయం. ఫోన్ మాత్రం చేతికిచ్చి పంపొద్దు. పిల్లలు ఫోన్‌ని ముక్కుకి జానెడు దూరంలో పెట్టి చూస్తారు, అంత దగ్గరగా అంతసేపు చూడటం కంటికి మంచిది కాదు. అన్నిటికంటే ముఖ్యంగా బయట గడపాల్సిన పూటని అదే మింగేస్తోంది.

ఆడపిల్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన ఇళ్లలో ఎండలో తిరిగితే నల్లబడుతుందని ఏడెనిమిదేళ్ల నుంచే ఆడపిల్లల్ని లోపల కూర్చోబెడతారు. అన్న క్రికెట్ ఆడుతుంటే చెల్లి కలరింగ్ పుస్తకం ముందేసుకుని సోఫాలో ఉంటుంది. మా దగ్గరికి కళ్లజోడుకి వచ్చే అక్కచెల్లెళ్లని చూసి ఈ మాట అంటున్నాను. రంగు కొన్నాళ్లకి మళ్లీ మామూలవుతుంది. కన్ను పొడుగు కాదు.

పొద్దున వెలుగులో తిరిగిన పిల్లలకి రాత్రి తొందరగా నిద్ర పడుతుంది, ఎందుకంటే ఒంటి గడియారం సరిచూసుకునేది ఆ వెలుగుతోనే. ఆకలి బాగుంటుంది, చిరాకు తగ్గుతుంది. ఇవన్నీ మీకు వారం పది రోజుల్లోనే కనిపిస్తాయి. కంటి లాభం కనిపించడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, ఓపిక పట్టాలి.

ఇప్పుడు బాబు సంగతి. బయటి వెలుగు సైట్ రాకుండా ఆపడంలో చూపించినంత ప్రభావం, వచ్చేసిన సైట్ పెరగకుండా ఆపడంలో చూపించలేదు. కొంత సాయం ఉండొచ్చు, అదొక్కటే నమ్ముకుంటే చాలదు. ఏడాదిలో 0.75 పెరిగిందంటే అది వేగమే. మళ్లీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు రెండు విషయాలు అడగండి. తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు ఇవ్వొచ్చా అని ఒకటి. ఢిల్లీ ఎయిమ్స్‌లో మన పిల్లల మీదే 0.01 శాతం చుక్కలు వాడి చూశారు, పెరుగుదల తగ్గింది. హాంకాంగ్‌లో 0.01, 0.025, 0.05 శాతం మూడూ పోల్చితే 0.05 బాగా పనిచేసింది. మీ బాబుకి ఏది, అసలు అవసరమా అన్నది డాక్టరే చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి కొనేది కాదు. రెండోది, సైట్ పెరుగుదలని మందగించే ప్రత్యేకమైన లెన్సులు ఇప్పుడు కళ్లజోళ్లలోనే వస్తున్నాయి. హాంకాంగ్‌లో రెండేళ్ల పరీక్షలో ఒక రకం లెన్సులు పెరుగుదలని ఇంచుమించు సగానికి తగ్గించాయి. ఖరీదు ఎక్కువే. కుదిరితే మంచిది, కుదరకపోతే బాధపడొద్దు. ఆరు నెలలకోసారి పవర్‌తోపాటు కంటి పొడుగు కూడా కొలిపించి ఆ కాగితాలన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకోండి. అద్దాల నంబరు మారకపోయినా పొడుగు పెరుగుతోందేమో ఆ కొలతే చెబుతుంది.

అద్దాలు ఎప్పుడూ పెట్టుకుంటే అలవాటై పవర్ పెరుగుతుందని మీ అత్తగారు అన్నారని రాశారు. పెద్దావిడ మాట తోసెయ్యడం కష్టమే, అయినా ఇది సరి కాదు. మలేసియాలో పిల్లలకి కావాలని 0.75 పవర్ తక్కువ అద్దాలు ఇచ్చి చూశారు. సరైన అద్దాలు పెట్టుకున్న వాళ్లకంటే వీళ్లకే సైట్ ఎక్కువ పెరిగింది. ఆటలో కూడా అద్దాలు ఉంచండి, వెనక తాడు కడితే జారవు. క్యారెట్లు, పొన్నగంటి కూర పెట్టండి, విటమిన్ ఏ లోపం వల్ల వచ్చే రేచీకటి రాకుండా కాపాడతాయి. మైనస్ పవర్‌కి వాటితో పనిలేదు.

చివరికి పాప దగ్గరికి. అమ్మానాన్నలిద్దరికీ సైట్, అన్నకి ఏడేళ్లకల్లా వచ్చింది. ఈ ఇంట్లో బయటి వెలుగువల్ల అందరికంటే ఎక్కువ లాభపడేది ఈ పాపే, ఎందుకంటే తనకి ఇంకా రాలేదు. అందరూ అద్దాలు పెట్టుకున్న పిల్లవాణ్ణి పట్టుకుని గ్రౌండ్‌కి తీసుకెళ్తారు, అద్దాలు లేని చిన్నదాన్ని ఇంట్లో వదిలేస్తారు. ఇద్దర్నీ తీసుకెళ్లండి. ఒకరిని ఎంచుకోక తప్పని రోజుంటే పాపని తీసుకెళ్లండి.

దానితోపాటు ఈ నెలలోనే పాపకి కంటిపాపని పెద్దది చేసే చుక్కలు వేసి పవర్ చూపించండి. చుక్కలు వేయకుండా చూస్తే అయిదేళ్ల పిల్లలు కన్ను బిగబట్టి అంకె తప్పుగా చూపిస్తారు. చుక్కల ప్రభావం తగ్గేదాకా దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుగు చురుక్కుమంటుంది, భయపడొద్దు. ఆ చీటీలో ప్లస్ ఎంత మిగిలి ఉందో చూడండి. అమెరికాలో వేలమంది పిల్లల్ని ఏళ్లపాటు పరీక్షించిన అధ్యయనంలో, ఒకటో తరగతి వయసుకి ప్లస్ 0.75 కంటే తక్కువ ఉన్న పిల్లలకే తర్వాత సైట్ వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. అమ్మానాన్నల సైట్ కంటే కూడా ఆ అంకే ముందుగా చెప్పగలిగింది. ఇప్పుడు ప్లస్ ఒకటో ఒకటింపావో ఉంటే మీ చేతిలో ఇంకా సమయం ఉంది. సున్నాకి దగ్గరగా ఉంటే ఆరు నెలలకే మళ్లీ చూపించాలి, ట్యూషన్ వేళలు మార్చే పని కూడా రేపే చేయాలి. పరీక్ష అయ్యాక రెండు కళ్ల అంకెలూ, కంటి పొడుగు తీస్తే అదీ ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.